మీటరూ మనమే బిగించాలె, చిట్టా కూడా మనమే రాయాలె

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ తేదీలు రాంగనే నా ఫోన్ ఊకుండదు. అచ్చంపేట దిక్కు నుంచి ఒకరు, దేవరకొండ తండాల నుంచి ఒకరు, ఆశ్రమ పాఠశాలల్ల చదివి ఇంటర్ గట్టెక్కిన పిల్లలు ఒకరెనుక ఒకరు అడుగుతుంటరు. మొన్న రాత్రి పది దాటినంక ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు.

"అన్నా, ఒక యూనివర్సిటోళ్లు ఫోన్ చేసిన్రు. బీటెక్‌తోపాటే బీబీఏ గూడ ఇస్తరట. నాలుగేండ్లల్ల రెండు పట్టాలు. సీటు ఆపాల్నంటే రేపటికల్ల పాతిక వేలు కట్టమంటున్నరు. నాయిన మేకలు అమ్ముతా అంటున్నడు. తీసుకోవాల్నా?"

మేకలు అమ్మొద్దు, రేపటికల్ల ఏం మునిగిపోదు అని అప్పటికప్పుడు చెప్పిన. కాని ఆ తమ్ముడు అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఇంజినీరింగ్, వ్యాపార చదువు రెండూ కలిపి చదవాల్నా? మన అడివి పిల్లలకు అది అయ్యే పనేనా? ఆ జవాబు ఒక్కనికి చెప్పి ఊకుంటే సరిపోదని ఇక్కడ రాస్తున్న. మీ ఇంట్ల, మీ పెంటల, మీ తండల ఇంటర్ అయిన పిల్లలుంటే చదివి వినిపించండి.

నా మాట ముందే చెప్తున్న. రెండూ చదవాలె. కాని ఫోన్ చేసి సీటు అమ్మేటోళ్ల దగ్గర కాదు. సర్కారు ఖర్చుతో, మన జిల్లాల యూనివర్సిటీల్లనే చదవాలె. ఎందుకంటున్ననో వినండి.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే ఆ కాలేజీ గేటు గూడ చూసేటోన్ని కాదు. 2022 ఏప్రిల్‌ల యూజీసీ ఒక మార్గదర్శకం ఇచ్చింది. ఒక విద్యార్థి ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని దాని సారం. తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డం రాకుంటే రెండూ కాలేజీకి పోయే చదువుంటది. లేదంటే ఒకటి కాలేజీల, ఇంకోటి దూరవిద్యల చదవొచ్చు. రెండూ దూరవిద్యలనే చేసినా సరే. అంతకుముందు రెగ్యులర్ డిగ్రీలు రెండు ఒకేసారి నడవనిచ్చేటోళ్లు కాదు. ఆ వార్త చదివి నాకు మస్తు ఉషారొచ్చింది. రెండో ఏడాదిల దూరవిద్య బీబీఏల చేరిన.

ఈ-పాస్‌ల దానికి దారి లేదు. ఉన్న స్కాలర్‌షిప్పు బీటెక్‌కే పోతది. బీబీఏ ఫీజు 18 వేలు బాకీ తెచ్చి కట్టిన. మొదటి సెమిస్టర్ పరీక్షలు, కాలేజీ ల్యాబ్ పరీక్షలు ఒకే వారంల పడ్డయి. కాలేజీల అడిగితే "నీ సొంత సరదాలకు మేం తేదీలు మార్చం" అన్నరు. బీబీఏ రెండు పేపర్లు రాసి మానేసిన. బీటెక్‌ల నెట్‌వర్క్స్ పేపర్ ఒకటి బ్యాక్‌లాగ్ పడ్డది. 18 వేల బాకీ తీర్చనీకి మా అమ్మ రెండు ఎండకాలాలు పాలమూరు దిక్కు మిరప తోటల కూలికి పోయింది. అందుకే రెండు పడవల మీద కాళ్లు పెట్టుమని మీకు చెప్పుడు నాకు తేలికైన ముచ్చట కాదు.

అయినా ఎందుకు చెప్తున్న? కాలేజీ నుంచి వచ్చినంక ఊర్లె నేను చూసిన పనుల వల్ల.

*

తేనె సంగతి తీసుకుందం. నల్లమల తేనె అంటే హైదరాబాద్‌ల ఎంత పేరున్నదో మీకు తెలుసు. మా మామలు లోయ అంచుకు తాడు కట్టుకొని దిగి తెచ్చిన తేనె డబ్బాలల్ల పోసి సంతకు తీస్కపోతరు. కొనేటాయన వేలు ముంచి చూసి, "పలచగుంది, పులిసిపోతది" అని రేటు కోస్తడు. అది అబద్ధమా? పూర్తిగ కాదు. అడివి తేనెల తేమ ఎక్కువుంటే నిజంగనే పులుస్తది. సీసాల పోసి అమ్మాల్నంటే తేమ 20 శాతం దాటొద్దని ఆహార భద్రత సంస్థ ప్రమాణమున్నది. కాబట్టి తేమ కొలిచే రిఫ్రాక్టోమీటర్ కావాలె. సన్నని వేడితోని తేమ తగ్గించే యంత్రం కావాలె. వేడి ఎక్కువైతే తేనె గుణం చెడుతది. ఇది ఇంజినీరింగ్ పని.

ఇప్పుడు లెక్క చూడండి. 100 కిలోల తేనె, తేమ 24 శాతం అనుకుందం. అందుల నీళ్లు 24 కిలోలు, అసలు సరుకు 76 కిలోలు. తేమను 20 శాతానికి దించినంక మిగిలేది 95 కిలోలే. 5 కిలోలు ఆవిరైతది. కిలో 250 చొప్పున 25 వేలు పెట్టి కొన్న తేనె కిలోకు 263 రూపాయలు పడ్డట్టు. సీసా, మూత, లేబుల్, కరెంటు, కూలి, ఆటో కిరాయి ఇంక ఇందుల కలవనే లేదు. ఈ సంగతి తెల్వకుండ "250కి కొన్నం, 300కి అమ్ముదం, 50 లాభం" అనుకున్న సంఘం ఏడాది తిరగకుండనే మునుగుతది. మునిగినంక "ఆదివాసులకు యూనిట్ ఇస్తే నడుపుకోరు" అని ఆఫీసుల మాట పడేది మనమే.

యంత్రం తెలిసినోడు ఒకడు, లెక్క తెలిసినోడు ఇంకొకడు ఉంటే సరిపోదా అని మీరడగొచ్చు. పట్నంల సరిపోతది, అక్కడ ఇద్దరికీ జీతమిచ్చే కంపెనీ ఉంటది. ముప్పై ఇండ్ల పెంటల ఇద్దరికి జీతమెవరిస్తరు? ఆవిరయ్యే ఐదు కిలోలు యంత్రం లెక్కల ఉన్నయి, పైసల లెక్కల గూడ ఉన్నయి. రెండు లెక్కలు ఒకే బుర్రల కలిస్తెనే ఆ సంఘం బతుకుతది.

తపసి బంక గూడ అంతే. తెల్లగ, బెరడు ముక్కలు లేకుండ ఉంటే ఒక రేటు, ఎర్రగ నల్లగ ఉంటే ఇంకో రేటు. చెట్టుకు గాటు ఎట్ల పెట్టాలె, చెట్టు సచ్చిపోకుండ ఎన్ని రోజులకు గియ్యాలె, ఎట్ల ఎండబెట్టాలె అనేది సాంకేతికం. ఏ గ్రేడుకు ఎంత, ఎవనికి అమ్మాలె, ఎప్పటిదాక దాచాలె అనేది వ్యాపారం. 1956ల పుట్టిన గిరిజన సహకార సంస్థ ఈ పని మన కోసం చేస్తదన్నరు. కొంత చేసింది, కాదనను. కాని గ్రేడు నిర్ణయించే చెయ్యి, చిట్టా రాసే చెయ్యి ఇన్నేండ్లల్ల మన చెయ్యి కాలేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు మనదేనని, సేకరించుడు, వాడుకొనుడు, అమ్ముకొనుడు మన హక్కని రాసింది. హక్కు కాయితం మీదికొచ్చి ఇన్నేండ్లాయె. అమ్ముకునే ఇగురం మాత్రం ఇంక బేరగాడి దగ్గర్నే ఉన్నది.

2018ల మొదలైన వన్‌ధన్ పథకం చూడండి. 20 మంది చొప్పున 15 సంఘాలు, మొత్తం 300 మంది కలిస్తే ఒక కేంద్రం. దానికి 15 లక్షల దాక సాయం. ఆలోచన మంచిదే. కాని 300 మంది సరుకు తూకమేసి, నిల్వ చేసి, యంత్రం నడిపి, జీఎస్టీ కాయితం నింపి, ఏడాది చివర ఆడిట్‌కు పుస్తకాలు చూపెట్టే మనిషి యాడున్నడు? పథకం రాసినోళ్లు యంత్రానికి పైసలు రాసిన్రు. ఆ మనిషిని తయారుచేసే చదువుకు రాయలేదు.

*

నల్లగొండ దిక్కు పోదం. మన జిల్లా పేరు ప్రపంచంల నీళ్ల ఇంజినీర్లందరికీ తెలుసు, ఎట్లనో ఎరుకనా? "నల్లగొండ టెక్నిక్" అని. 1970ల్ల నాగ్‌పూర్ నీరి శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. ఫ్లోరైడ్ నీళ్లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగడితే ఫ్లోరైడ్ తగ్గుతది. ఆఫ్రికాల టాంజానియా దాక పోయింది ఆ పేరు.

కాని చందంపేట, మర్రిగూడ దిక్కు వంగిన నడుములు, గార పట్టిన పండ్లు ఆ టెక్నిక్‌తోని పోయినయా? పోలేదు. పటిక రోజూ కొలిచి వెయ్యాలె. నీళ్ల గుణం మారితే మోతాదు మారాలె. అడుగున పేరుకున్న బురద యాడనో పారబొయ్యాలె. దినాం పనిచేసే మనిషికి నెల నెలా జీతమియ్యాలె. పటిక అయిపోకముందే కొని పెట్టాలె. రసాయనం లెక్క సరిగ్గనే ఉన్నది, నెల ఖర్చు లెక్క ఎవ్వరూ రాయలేదు. కనిపెట్టుడు ఒక చదువు, దాన్ని ఇరవై ఏండ్లు నడిపించుడు ఇంకో చదువు. మన తండాల తాతలు రెండో చదువు లేక నష్టపోయిన్రు.

ఇప్పుడు మనింటికే ఇంకోటి వస్తున్నది. 2025 మే నెలల మా అమ్రాబాద్ మండలం మాచారంలనే ముఖ్యమంత్రి "ఇందిర సౌర గిరి జల వికాసం" మొదలుపెట్టిండు. అటవీ హక్కు పట్టాలున్న భూములకు సోలార్ పంపులు, 6 లక్షల ఎకరాలు, 12,600 కోట్లు అన్నరు. మంచిది, స్వాగతిద్దం. కాని కాయితం పెన్సిల్ పట్టుకొని కూసోండి.

5 కిలోవాట్ల పలకలు బిగించిన్రు అనుకుందం. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకున్నా రోజుకు 20 యూనిట్లు, ఏడాదికి 7,300. మన చెల్కల పంపు ఏడాదిల 120 రోజులు నడిస్తే వాడేది 2,400 యూనిట్లు. మిగిలిన 4,900 యూనిట్లు ఏమైతయి? కరెంటు లైన్ ఉన్న ఊర్లె అయితే డిస్కంకు అమ్ముకోవచ్చు. యూనిట్‌కు 3 రూపాయలే అనుకున్నా 14,700 రూపాయలు. లైన్ లేని పెంటల అయితే ఆ కరెంటుతోనే పిండి గిర్ని, తేనె యంత్రం, చింతపండు నిల్వ చేసే చల్లటి గది నడుపుకోవచ్చు. ఏం చెయ్యకపోతే ఎండల పలకలు ఉత్తగ నిలబడుతయి.

ఈ అంకెలు నేను తేలికగ తెలువనీకి అనుకున్నవి, మీ ఊరి లెక్క వేరే ఉంటది. నేనడిగేది ఒక్కటే. మీటరు ఎవరు బిగిస్తరు? డిస్కంతోని ఒప్పందం కాయితం మీద సంతకం పెట్టేముందు ఎవరు చదువుతరు? ఐదేండ్లకు కంట్రోలర్ కాలిపోతే దానికి పైసలు ఇప్పట్నుంచే ఎవరు పక్కకు పెడుతరు? ఈ మూడు ప్రశ్నలకు మన పిల్లల పేర్లు లేకుంటే పట్నం నుంచి ఒక కాంట్రాక్టర్ పేరుంటది.

పెద్ద పనుల సంగతి ఇంకా ఘోరం. మా అడివి కిందినుంచే నల్లగొండకు కృష్ణ నీళ్లు తీస్కపోయే ఎస్‌ఎల్‌బీసీ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. ఇరవై ఏండ్ల సంది తవ్వుతనే ఉన్నరు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయిన్రు. ఎక్కడెక్కడి నుంచో బతకనీకి వచ్చిన కూలీలు, ఇంజినీర్లు వాళ్లు. ప్రతి ప్రాజెక్టుకు డీపీఆర్ ఉంటది. అందుల సగం ఇంజినీరింగ్, సగం పైసల లెక్క. నేల ఎట్లాంటిదో, నీరు యాడ ఊరుతదో ఒక సగంల ఉంటది. దాన్ని పట్టించుకుంటే ఖర్చెంత పెరుగుతదో, పట్టించుకోకుంటే ఎవరికి మిగులుతదో రెండో సగంల ఉంటది. ఒక సగమే చదవగలిగినోడిని రెండో సగంతోని మోసం చెయ్యొచ్చు. రేపు మన గ్రామసభ ముందట ఏ డీపీఆర్ పెట్టినా రెండు సగాలు చదివి ఊరికి మన మాటల్ల చెప్పే పిల్ల ఒకతె ఉండాలె.

*

ఇక పెద్దమనుషులు చెప్పే అడ్డం మాట ఉన్నది. మా తాతే అన్నడు. "బిజినెస్సు నేర్చుకుంటే మనోడు గూడ షావుకారే అయితడు కదరా. తేనె తెచ్చినోడు పది ఇండ్లకు పంచేటోడు. నువ్వు సీసాకు రేటు గడతవా?"

ఈ మాటను నేను నవ్వి తీసెయ్యలేదు. నిజమైన భయం అది. చదువుకొని వచ్చి సొంత పెంటనే తూకంల ముంచిన మనోళ్లు లేరా? ఉన్నరు. ఏ కాలేజీల చూసినా బిజినెస్ అంటే స్టార్టప్, షేర్లు, ప్యాకేజీ. సహకార సంఘం గురించి ఒక పాఠం దొరికితే గొప్ప.

కాని తాతకు నేను ఒక ముచ్చట చెప్పిన. వర్గీస్ కురియన్ అని ఒకాయన. చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. 1949ల గుజరాత్‌ల ఆనంద్‌కు పోయిండు. అక్కడ పాలు పోసే రైతులను బేరగాళ్లు పీల్చుతున్నరు. అప్పటిదాక బర్రె పాలతోని పొడి చెయ్యరాదు అనేటోళ్లు. ఆయన జతగాడు దలాయా అనే ఆయన చేసి చూపెట్టిండు. 1955ల ఆనంద్‌ల పాలపొడి యంత్రం నడిచింది. చలికాలంల మిగిలిపోయే పాలు పారబొయ్యకుండ పొడి అయినయి, రైతు రేటు పడిపోకుండ ఆగింది. యంత్రం ఒక్కటే ఉంటే ఏదో కంపెనీ బాగుపడేది. సంఘం ఒక్కటే ఉంటే మిగిలిన పాలు మురిగిపోయేయి. రెండూ కలిసినయి కాబట్టి అమూల్ అయింది, దాని యజమానులు పాలు పోసేటోళ్లే. తర్వాత 1979ల అదే ఆనంద్‌ల ఊర్ల సంఘాలు నడిపేటోళ్ల కోసం ఇర్మా అనే మేనేజ్‌మెంట్ బడి పెట్టిన్రు. మన దగ్గర ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి రైతుల చేతుల్లనే నడుస్తున్నది.

షావుకారు చిట్టా తెలిసినంత మాత్రాన షావుకారు కాలేదు. చిట్టా ఆయనకొక్కనికే తెలిసింది కాబట్టి అయిండు. పెంటల పదిమందికి తెలిస్తే ఎవ్వడూ షావుకారు కాలేడు. తాత ఒప్పుకున్నడో లేదో నాకు తెల్వదు. "మరి ఆడివిల్లలకు గూడ నేర్పండ్రి" అని మాత్రం అన్నడు.

*

చదువు సంగతికి వద్దం. ఇంజినీరింగ్, వ్యాపారం జోడు చదువు ప్రపంచంల కొత్తది కాదు. అమెరికాల పెన్సిల్వేనియా యూనివర్సిటీ 1977లనే తన ఇంజినీరింగ్ బడి, వార్టన్ బిజినెస్ బడి కలిపి ఒకే విద్యార్థికి రెండు పట్టాలిచ్చే కోర్సు పెట్టింది. మన శామీర్‌పేట దగ్గరున్న బిట్స్ పిలాని క్యాంపస్‌ల ఎమ్మెస్సీ ఎకనామిక్స్, ఇంజినీరింగ్ కలిపి ఐదేండ్లల్ల రెండు డిగ్రీలు చేసే దారి ఉన్నది. 2022ల యూజీసీ మాట వచ్చినంక జేఎన్‌టీయూ హైదరాబాద్ గూడ బీటెక్ పిల్లలకు బీబీఏ డేటా అనలిటిక్స్ జోడించే పనిల పడ్డది. అంటే ఉన్నోళ్ల పిల్లలకు రెండు చదువుల విలువ ఎప్పుడో తెలిసింది. మనకు "ముందు ఒకటి పాసుగా" అని చెప్తున్నరు.

ఆ మాటల కొంత నిజమున్నది, దాచిపెట్టను. బీటెక్ అంటే 160 క్రెడిట్లు. మూడేండ్ల డిగ్రీ 120. రెండూ కలిపితే 280. తెలుగు మీడియం ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చి, ఇంగ్లీషుల ఇంజినీరింగ్ గణితం మొదటిసారి చూసిన పిల్లల మీద మొదటి రోజే 280 క్రెడిట్లు పెడితే విరిగిపోతరు. నేను విరిగిన. అందుకే దారి చూసుకొని నడవాలె. ఇప్పుడున్న దారులు మూడు.

ఒకటి, మైనర్. బీటెక్ 160 క్రెడిట్లకు తోడు ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే పట్టా మీద మైనర్ అని పడుతది. మీ కాలేజీల మేనేజ్‌మెంట్, ఆంత్రప్రెన్యూర్‌షిప్ దిక్కు మైనర్ ఉన్నదా అడగండి. లేకుంటే పెట్టుమని అడగండి. జేఎన్‌టీయూ సిలబస్‌ల ఎట్లనో బిజినెస్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్ పేపర్ ఉన్నది. పాసుకోసం గాకుండ ఆ ఒక్కటి పట్టుకొని చదివినా బ్యాలెన్స్ షీటు చదవొస్తది.

రెండు, సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంల మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982ల మన నాగార్జునసాగర్‌లనే మొదలైందని మీలో ఎంతమందికి తెలుసు? అదే ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. గోండు, కోయ, చెంచు పిల్లలను ట్యూషన్ ఫీజు లేకుండ చదివిస్తమని 2025ల ప్రకటించింది. బీటెక్ రెండో ఏడు నుంచి అక్కడ బీకాం చేసుకోవచ్చు, యూజీసీ నిబంధనకు సరిపోతది. నాకు ఆ సంగతి అప్పుడుంటే మా అమ్మ మిరప తోటకు పోకపోవు.

మూడు, బీటెక్ అయినంక ఐసెట్ రాసి ఎంబీఏ. ఆరేండ్లు పడుతది, కాని ఒకదాని మీద ఒకటి నిలబడుతది, భారం తక్కువ. ఇంట్ల తిండికి ఇబ్బంది లేకుంటే ఇది మంచి దారి.

ఫోన్ చేసి రెండు పట్టాల ఆశ చూపెట్టేటోళ్ల దగ్గరికి పోయేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. రెండో డిగ్రీకి యూజీసీ గుర్తింపు ఉన్నదా? ఈ-పాస్‌ల ఆ కాలేజీ, ఆ కోర్సు కనబడుతున్నయా? నాలుగేండ్లకు కలిపి మొత్తం ఫీజు కాయితం మీద రాసిస్తరా? ఒకటి మధ్యల ఆపితే రెండోది నడుస్తదా? కాయితం మీద జవాబు రాకుంటే ఫోన్ పెట్టెయ్యండి.

*

ఇప్పటిదాక పిల్లలకు చెప్పిన. ఇక సర్కారుకు చెప్పాల్సింది ఉన్నది.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల ఒక పాత వాక్యమున్నది. ఒక స్థాయి చదువు పాసైనంక అదే స్థాయిల ఇంకో సబ్జెక్టు చదివితే స్కాలర్‌షిప్ రాదు అని. బీఏ అయినంక బీకాం చదివితే ఇయ్యమన్నట్టు. ఒకే మనిషి ఏండ్ల తరబడి స్కాలర్‌షిప్ తింటడేమోనన్న అనుమానంతోని రాసిన వాక్యం. అప్పట్ల దానికి అర్థముండొచ్చు. 2020 జాతీయ విద్యా విధానం బహుళ సబ్జెక్టులు చదవాలన్నది. 2022ల యూజీసీ రెండు డిగ్రీలు తప్పు కాదన్నది. స్కాలర్‌షిప్ కాయితం మాత్రం అక్కడ్నే ఆగింది. ఫలితం ఏంది? రెండో డిగ్రీ చట్టప్రకారం అందరికీ ఉన్నది, పైసలున్నోళ్లకే అందుతది. 2 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి హక్కు ఇచ్చి, టికెట్టు ఇయ్యకపోతే బస్సు ఎక్కుడెట్ల?

అందుకే మా డిమాండ్లు:

1. బీటెక్‌తోపాటు గుర్తింపున్న రెండో డిగ్రీ గాని, మైనర్ గాని చదివే ఎస్టీ విద్యార్థులకు ఆ రెండో చదువు ఫీజు గూడ సర్కారే కట్టాలె. ఆదిమ తెగల పిల్లలతోని మొదలుపెట్టినా సరే, మొదలుపెట్టాలె.

2. 2007ల పుట్టిన నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీల ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది, కామర్స్ అండ్ బిజినెస్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఉన్నది. ఒకే యూనివర్సిటీ, ఒకే వీసీ. టైంటేబుళ్లు ఒక్కచోట కూసొని రాస్తే చాలు, జోడు డిగ్రీ వస్తది. 2008ల పుట్టిన పాలమూరు యూనివర్సిటీ, వనపర్తి జేఎన్‌టీయూ కాలేజీ కలిసి గూడ ఈ పని చెయ్యొచ్చు.

3. మొదటి ఏడాది రెండో చదువు పెట్టొద్దు. ఆ ఏడాది ఇంగ్లీషు, గణితం బ్రిడ్జి కోర్సు నడపాలె. రెండు పరీక్షలు ఒకే రోజు పడితే తేదీ మార్చే బాధ్యత యూనివర్సిటీది, పిల్లలది కాదు.

4. చివరి ఏడాది ప్రాజెక్టు హైదరాబాద్‌ల కొనుక్కొచ్చే బొమ్మ యంత్రం కావొద్దు. మన్ననూరు ఐటీడీఏ కింద వన్‌ధన్ కేంద్రాలల్ల, సోలార్ పంపులున్న ఊర్లల్ల చెయ్యనియ్యాలె. యంత్రం రిపేరు, ఏడాది జమాఖర్చు రెండూ ప్రాజెక్టుల ఉండాలె. సహకార సంఘాల చట్టం, ఉత్పత్తిదారుల కంపెనీ, అటవీ హక్కుల చట్టం సిలబస్‌ల ఉండాలె.

ఇవి కోట్ల పనులు కావు. ఎక్కువ భాగం ఒక జీవో, రెండు టైంటేబుళ్లు. రాష్ట్రంల ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం కావాలని ఎన్ని ఏండ్లు కొట్లాడినం? 2022ల వచ్చింది. సీటు పెరిగింది. ఇప్పుడు సీట్ల కూసున్న పిల్లలు ఏం నేర్చుకొని ఊరికొస్తరన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

అందరూ ఇంజినీర్లు కావాల్నని నేనంటలేను. ఇంటర్ దాక రాకుండనే ఆగిపోయే మా చెంచు పిల్లలు ఎందరో నాకు తెలుసు. ముందు ఆ బడుల పంతుళ్లు ఉండాలె, అన్నం ఉండాలె. ఆ కొట్లాట ఆపేది లేదు. కాని పది పెంటలకు ఒక్కరు, ఒక మండలానికి నలుగురు ఈ జోడు చదువు చదివి వస్తే సంతల తూకం మారుతది. సోలార్ ఒప్పందం సంతకానికి ముందు చదవబడుతది. గ్రామసభల ఆఫీసర్ మాట్లాడే తీరు మారుతది.

ఆ తమ్ముడు పాతిక వేలు కట్టలేదు. మేకలు ఇంటికాడనే ఉన్నయి. ఎలక్ట్రికల్ బ్రాంచికి వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నడు. మొదటి ఏడాది బ్యాక్‌లాగ్ లేకుండ గట్టెక్కుతా, రెండో ఏడు బీకాం కడతా అన్నడు. నా పాత బీబీఏ అకౌంట్స్ పుస్తకం వానికి ఇచ్చిన. సగం దాక గీతలు నావి. మిగిలిన సగం తెల్లగనే ఉన్నది.